‘ఏం పని చేస్తారు?’ అని ఎగ్జామినర్ అడిగితే గుమాస్తానని చెప్పొచ్చా?

ప్రశ్న: మేడమ్‌కు నమస్తే. నా వయసు 27. బీకాం చదివాను. నాలుగేళ్లుగా వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. యూకేలో ఎమ్మెస్సీ చదవాలని ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాశాను. మొత్తం మీద 6.5 వచ్చింది కానీ స్పీకింగ్‌లో 5.5 దగ్గరే ఆగిపోయింది. ఏ ఒక్కదాంట్లోనూ 6కు తగ్గకూడదని యూనివర్సిటీ వాళ్లు అంటున్నారు. ‘గుమాస్తా అంటే బాగుండదు, పెద్ద కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అని చెప్పు’ అని కోచింగ్‌లో ఒక పేరా రాసిచ్చారు. బట్టీ పట్టాను. పరీక్షలో గడగడా చెప్పాను కూడా. కానీ ‘మీ ఆఫీసులో మీకు బాగా నచ్చేదేమిటి?’ అని ఎగ్జామినర్ మేడమ్ అడిగేసరికి గొంతు ఎండిపోయింది. అయినా నా పని గురించి ఇంగ్లిష్‌లో చెప్పడానికి ఏముంది? అడ్తి, కాంటా, తక్‌పట్టీ, వీటికి ఇంగ్లిష్ మాటలే నాకు తెలియవు. మళ్లీ రాయాలంటే టెన్షన్‌గా ఉంది. ఈసారి ఇంకేదైనా మంచి ఉద్యోగం చెప్పమంటారా?
ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం:

తమ్ముడూ, ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ఇంకో ఉద్యోగం వెతుక్కోకు. ఈసారి అడ్తి దుకాణంలో గుమాస్తానని ఉన్నదున్నట్టు చెప్పు. నీకు తక్కువైన ఆ అర బ్యాండ్ స్కోరు అక్కడే దొరుకుతుంది. ఎలాగో ఓపిగ్గా చెబుతాను.

నీకు పేరా రాసిచ్చిన వాళ్లు స్పీకింగ్ పరీక్షను ఉద్యోగం ఇంటర్వ్యూ అనుకున్నట్టున్నారు. ఎగ్జామినర్ చేతిలో నీ బయోడేటా ఉండదు. నీ జీతమెంతో, నీ దుకాణం ఎంత పెద్దదో ఆమెకు అక్కర్లేదు. ఆమె చూసేవి నాలుగే. మాట తెగిపోకుండా, ఒకదానికొకటి అతుక్కునేలా మాట్లాడుతున్నావా? చెప్పదలచుకున్నదానికి సరిపడా మాటలు ఉన్నాయా? వాక్యాలు రకరకాలుగా, తప్పులు తక్కువగా వస్తున్నాయా? ఉచ్చారణ ఎదుటివాళ్లకు అర్థమవుతోందా? ఈ నాలుగింటికీ సమాన వాటా. నాలుగింటి సగటే నీ బ్యాండ్. హోదాకు మార్కులు వేసే ఐదో గడి ఆ కాగితం మీద లేదు.

అబద్ధం చెబితే పట్టుకుంటారని కూడా నేను భయపెట్టడం లేదు. నీ ఉద్యోగం నిజమో కాదో వాళ్లు విచారించరు. చిక్కంతా తర్వాతి ప్రశ్న దగ్గర. పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో మొదటి భాగం నాలుగైదు నిమిషాలు నీ గురించే. ‘ఉద్యోగమా, చదువా?’ అని మొదలుపెడితే దాని వెనకే ఎందుకు ఎంచుకున్నావు, ఏం నచ్చుతుంది, ఏం నచ్చదు, మారాలని ఉందా అని వరసగా వస్తాయి. ఒక్క పేరా వాటన్నిటికీ సరిపోదు. పైగా బట్టీ పట్టిన జవాబును గుర్తుపట్టడానికి ఎగ్జామినర్లకు శిక్షణ ఉంటుంది. గడగడా సాగిన గొంతు తర్వాతి ప్రశ్నకే కూలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది. నీ గొంతు ఎందుకు ఎండిందో ఒక్కసారి ఆలోచించు. నువ్వు ఏనాడూ కాలు పెట్టని ఆఫీసు గురించి అడిగారు. ఆ ఆఫీసులో కిటికీ ఎటు ఉంటుందో నీకు తెలియదు, పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు. ఆ ప్రశ్న తెలుగులో అడిగినా నీ దగ్గర జవాబు ఉండేది కాదు.

హన్మకొండలో నా దగ్గరికి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ఇది రోజూ చూస్తాను. పోయినేడాది ఒక నర్సమ్మ వచ్చేది. నైట్ డ్యూటీ ఎలా ఉంటుందని ఇంగ్లిష్‌లో అడిగితే ‘ఇట్ ఈజ్ గుడ్, వెరీ బిజీ’ అని ఆగిపోయింది. అదే ప్రశ్న తెలుగులో అడిగాను. తెల్లవారుజామున మూడింటికి సెలైన్ బాటిళ్లు మార్చడం, పడుకున్న పేషంట్ లేవకుండా ఫోన్ లైటును అరచేత్తో సగం మూసి బీపీ చూడటం, అయిదింటికల్లా అటెండెంట్లు చాయ్ కోసం లేచే చప్పుడు, అన్నీ చెబుతూ పావుగంట ఆగలేదు. అందులోంచి ఆ ఫోన్ లైటు ముక్క ఒక్కటి ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. ‘ఐ కవర్ ది లైట్ విత్ మై హ్యాండ్, బికాజ్ ది పేషంట్ ఈజ్ స్లీపింగ్’ అంది. తప్పు లేదు, తడబాటు లేదు. ఆ మాటలన్నీ ఇంటర్‌కు ముందే ఆమెకు వచ్చినవే. కళ్ల ముందు బొమ్మ కనబడేసరికి అవే నోటికి వచ్చాయి.

ఇక ‘నా పనిలో చెప్పడానికి ఏముంది’ అన్నావే, ఆ మాట నన్ను చాలాసేపు పట్టుకుంది. మా నాన్న పరకాల దగ్గర పత్తి వేసేవాడు. కాలేజీ సెలవుల్లో ఒకసారి నేనూ ఆయన వెంట మార్కెట్‌కు వచ్చాను. కాంటా అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. నాన్నకు చదువు రాదు. గుమాస్తా తక్‌పట్టీ రాసి చేతిలో పెట్టి ఊరుకోలేదు. దాన్ని బల్ల మీద పరిచి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. బస్తాలు ఇన్ని, తూకం ఇంత, ధర ఇంత, హమాలీకి ఇంత, అన్నీ పోను మీ చేతికి ఇంత. నాన్న చూపు ఆ వేలి వెంటే నడిచింది. ఆ గుమాస్తా మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు. నాన్న తలూపి, కాగితం నాలుగు మడతలు పెట్టి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఏడాది కష్టం ఎంతకు తేలిందో ఆయన విన్నది ఆ గుమాస్తా నోటి వెంటే. ఆ బల్ల ముందు కూర్చునేవాడివి నువ్వు. నీ దగ్గర చెప్పడానికి ఏమీ లేదంటే నేను ఒప్పుకోను.

కాబట్టి ‘ఏం పని చేస్తారు?’ అంటే ఇలా మొదలుపెట్టు: ‘ఐ వర్క్ యాజ్ ఎ క్లర్క్ ఫర్ ఎ కమిషన్ ఏజెంట్. ఇట్స్ ఇన్ ఎ బిగ్ మార్కెట్ యార్డ్ ఇన్ వరంగల్, వేర్ ఫార్మర్స్ కమ్ టు సెల్ కాటన్ అండ్ చిల్లీస్.’ రెండు వాక్యాలు. పనేమిటో, చోటేమిటో, ఎవరొస్తారో అన్నీ అందులో వచ్చేశాయి. దీన్ని కూడా బట్టీ పట్టకు. రేపు ‘క్లర్క్’ బదులు ‘ఐ కీప్ ది అకౌంట్స్’ అని మొదలుపెట్టు, ఎల్లుండి మార్కెట్ దగ్గర మొదలుపెట్టు. నాలుగు రకాలుగా చెప్పగలిగితే అది నీ సొంతమైనట్టు.

ఏం నచ్చుతుందని అడిగితే, రైతుకు లెక్క చదివి చెప్పే ఆ నిమిషం చెప్పు. ఏం నచ్చదని అడిగితే దాచుకోకు. సీజన్‌లో అర్ధరాత్రి దాకా చిట్టాలు రాయడం, మిరప ఘాటుకు రోజంతా తుమ్ములు, పొద్దున వేలంలో, అదే జెండా పాటలో, పలికిన ధర తన సరుకుకు రాలేదని రైతు నీ ముందు నిలబడి అడిగినప్పుడు నీ చేతుల్లో ఏమీ లేకపోవడం. ఆ చివరిది నువ్వు నిజంగా అనుభవించి ఉంటావు. ‘సమ్‌టైమ్స్ ది ప్రైస్ ఈజ్ లో, అండ్ ది ఫార్మర్ ఆస్క్స్ మీ వై. ఐ డోంట్ డిసైడ్ ది ప్రైస్, బట్ ఐ యామ్ ది పర్సన్ సిట్టింగ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ హిమ్.’ ఇలాంటి జవాబు ఏ కోచింగ్ పేరాలోనూ దొరకదు. మొదటి భాగంలో ఒక్కో ప్రశ్నకు రెండు నుంచి నాలుగు వాక్యాలు చాలు. ఒక్క ముక్కలో తేల్చేయకు, అలాగని కథ మొదలుపెట్టకు. కథకు చోటు తర్వాత వస్తుంది.

ఇప్పుడు నిన్ను భయపెడుతున్న మాటల సంగతి. అడ్తికి, కాంటాకు, తక్‌పట్టీకి ఇంగ్లిష్ మాట తెలియదని దిగులుపడుతున్నావు. తెలియని మాటను తెలిసిన మాటలతో విడమర్చి చెప్పగలగడం ఆ పరీక్షలో మార్కులు తెచ్చే నైపుణ్యం. పదసంపదకు బ్యాండ్ వేసేటప్పుడు వాళ్లు ప్రత్యేకంగా చూసేవాటిలో అదొకటి. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఆ అవకాశం తక్కువ, అతని మాటలన్నీ ముందే ఇంగ్లిష్‌లో ఉన్నాయి. నీకు పొద్దున లేస్తే అదే పని.

చూడు. తక్‌పట్టీ అంటే ‘ఎ స్లిప్ దట్ షోస్ ది వెయిట్, ది రేట్ అండ్ ది మనీ ది ఫార్మర్ గెట్స్’. హమాలీలు అంటే ‘ది మెన్ హూ క్యారీ ది శాక్స్’. దడ్వాయి అంటే ‘ది మ్యాన్ హూ వెయిస్ ది క్రాప్’. జెండా పాట అంటే ‘ఎ మార్నింగ్ ఆక్షన్ వేర్ ది డేస్ టాప్ ప్రైస్ ఈజ్ ఫిక్స్‌డ్’. తాలు మిర్చి అంటే ‘చిల్లీస్ దట్ హావ్ లాస్ట్ దెయిర్ కలర్’. ఇందులో డిక్షనరీ వెతకాల్సిన మాట ఒక్కటైనా ఉందా? ‘హూ’, ‘దట్’, ‘వేర్’ అనే మూడు కొక్కేలు పట్టుకో, చాలు. ఇంకో లాభం కూడా ఉంది. ఆ కొక్కేలు పడ్డ ప్రతి వాక్యం వ్యాకరణం దృష్టిలో సంక్లిష్ట వాక్యమే. అంటే ఒకే మాటకు పదసంపదలోనూ వ్యాకరణంలోనూ లాభం. తెలుగు మాటే ముందు చెప్పి విడమర్చినా తప్పు లేదు: ‘వి కాల్ ఇట్ తక్‌పట్టీ. ఇట్స్ ఎ స్లిప్ దట్…’ అని సాగిపో.

వ్యాకరణం దగ్గర మన వాళ్లందరూ ఒకే చోట జారుతారు. దానికి కారణం మన తెలుగులోనే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ‘పొద్దున ఆరింటికి మార్కెట్‌కు వెళ్తాను’ అంటాం. ‘రేపు హైదరాబాద్ వెళ్తాను’ అని కూడా అంటాం. రోజూ చేసేదానికీ రేపు చేయబోయేదానికీ మనకు ‘వెళ్తాను’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో అవి రెండు. ఆ తేడా పట్టించుకోకపోతే ‘ఐ విల్ గో టు మార్కెట్ ఎట్ సిక్స్ డైలీ’ అని వచ్చేస్తుంది. రోజూ చేసే పనికి ‘విల్’ వద్దు. ‘ఐ గెట్ టు ది మార్కెట్ బై సిక్స్’ అను. అలాగే ‘లెక్కలు చూస్తున్నాను’ అన్నామంటే ఈ క్షణాన చూస్తున్నట్టూ కావచ్చు, అదే నా ఉద్యోగం అన్నట్టూ కావచ్చు. అందుకే ‘ఐ యామ్ మెయింటెయినింగ్ అకౌంట్స్’ అంటుంటాం. ఉద్యోగం అనే అర్థంలో ‘ఐ కీప్ ది అకౌంట్స్’ సరిపోతుంది. ‘నాలుగేళ్లుగా చేస్తున్నాను’ మూడోది. నీ నోట ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫోర్ ఇయర్స్’ అని వచ్చే ఉంటుంది. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్’ అనాలి. ఎంతకాలమో చెప్పేటప్పుడు ‘ఫర్’, ఏ ఏడాది నుంచో చెప్పేటప్పుడు ‘సిన్స్’. పని గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడు రకాల వాక్యాలు రాక తప్పవు. వీటిని సరిచేసుకుంటే వ్యాకరణంలో నీ తప్పులు చాలా మటుకు తగ్గిపోతాయి. ‘ఎ’, ‘ది’ కూడా చూసుకో. తెలుగులో వాటికి సాటి మాటలు లేవు కాబట్టి ‘ఐ వర్క్ ఇన్ షాప్’ అని మింగేస్తాం.

కొన్ని మాటలు ఇంగ్లిష్‌లాగే వినిపిస్తాయి కానీ అక్కడ ఇంకో అర్థం ఇస్తాయి. ‘మై ఓనర్’ అంటే వాళ్లకు నిన్ను కొనుక్కున్నవాడని అర్థం వస్తుంది. ‘మై బాస్’ అను, లేదా ‘ది ఓనర్ ఆఫ్ ది షాప్’ అను. ‘పాస్‌డ్ అవుట్’ అంటే స్పృహ తప్పి పడిపోయానని చాలామంది అర్థం చేసుకుంటారు. డిగ్రీ గురించి ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అను. డ్యూటీకి వెళ్తాను అనేది ‘గో టు వర్క్’.

ఉచ్చారణ గురించి ఎక్కువ దిగులు వద్దు. మన యాసకు మార్కులు కోయరు, మాట అర్థం కావాలి అంతే. కానీ నీ పనిలో రోజూ వచ్చే నాలుగు మాటలు మాత్రం సరిచేసుకో. ‘ఆక్షన్’ను చాలామంది ‘యాక్షన్’ అంటారు, అర్థమే మారిపోతుంది. ‘పర్చేజ్’ అంటాం, నిజానికి అది ‘పర్చస్’. ‘రిసీట్’లో రాతలో ఉన్న ‘పి’ పలకదు. ‘వెయిట్’, ‘వర్క్’ అనేటప్పుడు పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పై పళ్లు కింది పెదవికి తగలకూడదు. మన ‘వ’తో ఆ రెండు ధ్వనులూ కలిసిపోతాయి. మాట చివర మనకు అలవాటైన ‘ఉ’ కూడా వదిలేయాలి. మార్కెట్టు, రేటు, బ్యాగు అన్నట్టు వినిపించకూడదు. అద్దం ముందు రోజూ అయిదు నిమిషాలు కూర్చుంటే వారంలో తేడా నీకే తెలుస్తుంది.

రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు. పెన్సిలు, కాగితం ఇస్తారు. ఆ కార్డు మీద ఉద్యోగం అనే మాటే ఉండకపోవచ్చు. బాగా బిజీగా గడిచిన రోజు, ఎవరికైనా సాయం చేసిన సందర్భం, అనుకోకుండా ఎదురైన ఇబ్బంది, ఇలా ఏదైనా రావచ్చు. వీటన్నిటికీ పనికొచ్చే రోజు ఒకటి నీ జ్ఞాపకంలో తప్పకుండా ఉంటుంది. యార్డు నిండా సరుకు ఉండగా వాన పడ్డ రోజు. నాలుగేళ్లలో ఒక్కసారైనా చూసే ఉంటావు. మధ్యాహ్నానికి మబ్బు ఎలా కమ్మింది, ఎవరు ముందు అరిచారు, టార్పాలిన్ చాలక ఎవరి బస్తాల మీద కప్పారు, ఎవరివి తడిశాయి, నువ్వు రిజిస్టర్లు ఎక్కడ దాచావు. ఆ ఒక్క నిమిషంలో వాక్యాలు రాయకు, రాసే టైం ఉండదు. ‘క్లౌడ్, గేట్, టార్పాలిన్, ఓల్డ్ మ్యాన్, ఈవినింగ్’ అని అయిదు మాటలు ఒకదాని కింద ఒకటి రాసుకో. ఒక్కో మాట గురించి ఇరవై సెకన్లు మాట్లాడినా నిమిషన్నర దాటుతుంది. అది జరిగిపోయిన రోజు కాబట్టి క్రియలన్నీ గతంలో ఉండాలి, ‘రెయిన్ స్టార్టెడ్, వి ర్యాన్, ఐ కవర్డ్’ అని. మధ్యలో వర్తమానంలోకి జారకు. రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినర్ ఆపుతారు. అది నియమం, నువ్వు చెడగొట్టావని అనుకోకు.

మూడో భాగం అసలు చర్చ, మళ్లీ నాలుగైదు నిమిషాలు. అక్కడ నీ గురించి అడగరు, లోకం గురించి అడుగుతారు. పని తీరు ఎలా మారుతోంది, యంత్రాలొస్తే ఉద్యోగాలు పోతాయా, జీతం ముఖ్యమా తృప్తి ముఖ్యమా, ఇలాంటివి. నీలాంటి వాళ్లు వెనకబడేది ఇక్కడేనని కోచింగ్‌లలో అంటారు. నేను ఒప్పుకోను. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ వచ్చాక ధర కంప్యూటర్ తెర మీదికి ఎక్కడం గురించి మార్కెట్‌లో పనిచేసేవాడికంటే ఎవరికి బాగా తెలుస్తుంది? ఆన్‌లైన్‌లో ధర వేసే ఖరీదుదారు కూడా ముందు మిరపకాయను చేతిలోకి తీసుకుంటాడు, రంగు చూస్తాడు, చెవి దగ్గర ఊపి గింజ గలగలలాడుతోందా అని వింటాడు. కాబట్టి ముందు సాధారణంగా ఒక మాట చెప్పు: యంత్రాలు లెక్కల పని తీసుకుంటాయి, సరుకు చూసి తేల్చే పని మనిషి దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ‘ఫర్ ఎగ్జాంపుల్, ఇన్ ది మార్కెట్ వేర్ ఐ వర్క్’ అని ఆ మిరపకాయ ముచ్చట చెప్పు. వరస తిప్పి చెప్పకు. సొంత సంగతితో మొదలుపెడితే ప్రశ్న పక్కకు పోతుంది.

ప్రశ్న అర్థం కాకపోతే ‘కుడ్ యు రిపీట్ ద క్వశ్చన్, ప్లీజ్?’ అను. ఒకటి రెండుసార్లు అడిగితే నష్టమేమీ లేదు. అర్థం కానిదానికి తోచింది చెప్పడం వల్లనే నష్టం.

ఈ సమాధానం ఇంకొందరికి కూడా చేరాలని నా కోరిక. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాళ్లు, గోదావరిఖనిలో బొగ్గు బావిలో దిగేవాళ్లు, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లి పదేళ్లు డ్రైవర్‌గా చేసి వచ్చినవాళ్లు, అందరూ నా దగ్గర ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తలదించుకోవడం చూశాను. ఆ డ్రైవర్ అన్నలకు ఇంగ్లిష్ నాకంటే చురుగ్గా వస్తుంది. అయినా డ్రైవర్ అని చెప్పడానికి నామోషీపడి ‘లాజిస్టిక్స్’ అంటారు. లాజిస్టిక్స్‌లో ఏం చేస్తారంటే మాట పడిపోతుంది. నర్సులు రాసే ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షలో పరిస్థితి కాస్త నయం. అందులో ముందు కాసేపు మాట్లాడించేదానికి మార్కులు ఉండవు, ఆ తర్వాత పేషంట్‌తో మాట్లాడినట్టు రెండు సన్నివేశాలు ఉంటాయి. అక్కడ తన పనిని దాచుకోవాలన్న ఆలోచనే రాదు.

ఇక సాధన. పేరా ఒక్కటీ రాసుకోకు, ఫోన్ తీసుకో. దుకాణం కట్టేసి ఇంటికెళ్లే ముందు ఆ రోజు జరిగిన ఒక్క సంగతిని తెలుగులో నిమిషం సేపు రికార్డు చేయి. ఎంత వచ్చిందని అడగడానికి వచ్చిన రైతు, కాంటా దగ్గర జరిగిన గొడవ, ఏదైనా సరే. అది ఒకసారి విని, అదే సంగతిని వెంటనే ఇంగ్లిష్‌లో నిమిషం సేపు చెప్పి రికార్డు చేయి. తెలుగులో ఉన్న ఏ ముక్క ఇంగ్లిష్‌లో జారిపోయిందో చూడు. తప్పుల కంటే ముందు ఆ జారిపోయిన ముక్కల్ని పట్టుకో, ఎందుకంటే తెలియని మాటలను తప్పించుకోవడానికి మనం సంగతినే కుదించేస్తాం. మర్నాడు పొద్దున జెండా పాటకు ముందు దొరికే పది నిమిషాల్లో ఆ ముక్కను ‘హూ, దట్, వేర్’ పెట్టి మళ్లీ చెప్పు. మూడు వారాలు ఇలా చేస్తే ఇరవై సంగతులు నీ దగ్గర ఉంటాయి. పరీక్షలో ఏ ప్రశ్న వచ్చినా ఆ ఇరవైలో ఒకటి దానికి దగ్గరగా వస్తుంది.

చివరగా డబ్బు సంగతి. నువ్వు పరీక్ష కంప్యూటర్ మీద రాశావో కాగితం మీద రాశావో ఉత్తరంలో లేదు. కంప్యూటర్ మీద రాసినవాళ్లకు ఒక్క విభాగం మాత్రమే మళ్లీ రాసే వీలు ఉంది. దాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల లోపే రాయాలి. నీకు మిగతా మూడింట్లో ఇబ్బంది లేదు కాబట్టి ఇది సరిగ్గా నీకోసమే ఉన్నట్టు ఉంది. కానీ దాన్ని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. ఫీజు కట్టే ముందు నీ యూనివర్సిటీ అడ్మిషన్స్ విభాగానికి ఒక మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. వాళ్లు ఒప్పుకోకపోతే మొత్తం పరీక్ష రాయక తప్పదు. అప్పుడు పంట సీజన్ మొదలవకముందే తేదీ తీసుకో. రాత్రి పన్నెండు దాకా చిట్టాలు రాసి, తెల్లవారే కాజీపేటలో రైలెక్కి పరీక్షకు పోతే ఎంత వచ్చినవాడికైనా మాట తడబడుతుంది. వీలైతే ముందురోజు సాయంత్రమే హైదరాబాద్ చేరుకుని నిద్రపో.

మెయిల్ ఇవాళే పెట్టు, ఆ అరవై రోజుల లెక్క ఇప్పటికే నడుస్తూ ఉంటుంది.